పాత సరంగు

నిన్న రాత్రి దుకాణం మూసే వేళ
తెర మూలన చిన్న చుక్క వెలిగింది.
అప్‌డేట్ చేయమంటావా అని అడిగింది.
కొరియర్ కుర్రాడి కాగితం మీద సంతకం గీకినట్టు
చదవకుండా ‘సరే’ నొక్కేసి
ఆఖరి బస్సుకి పరిగెత్తాను.

పొద్దున్న కురుపాం మార్కెట్ ఇంకా కళ్లు నులుముకుంటోంది.
మీట నొక్కాను.
ఫ్యాను తిరిగింది, కీబోర్డు దీపం వెలిగింది,
తెర మాత్రం నలుపు.
ఆరిపోయిన నలుపు కాదు,
లోపల ఎవరో మేలుకుని ఉండీ తలుపు తీయని నలుపు.

ఎనిమిదికల్లా వచ్చేసింది గనగళ్ల ఎర్రమ్మ.
చేపల గంప దింపకుండానే గుమ్మంలో నిలబడి
“మా తమ్ముడి బొమ్మ అయిపోనాదా అమ్మా?
రేపే కదేటి పెద్దకర్మ.”

ఆరడుగుల వెడల్పు ఫ్లెక్సీ.
బోటు అంచున నిలబడి నవ్వుతున్న ఒకే ఒక్క ఫొటో
ఈ ఫోన్లోంచి ఆ ఫోన్లోకి దూకుతూ దూకుతూ వచ్చి
నా దగ్గరికి చేరేసరికి మసకైపోయింది.
మూడు రాత్రులు కూర్చున్నాను.
పోలయ్య కనుబొమలు ఒక్కో వెంట్రుకా దిద్దాను.
ఇప్పుడతను ఈ పెట్టెలోనే ఉన్నాడు,
చూపించమంటే చూపించలేను.

“కాసేపు కూర్చో పిన్నీ.”
కూర్చోలేదు.
గంప మీది తడిగుడ్డ సర్దుకుంది.

ఫోన్లోంచి లోపలికి వెళ్లాను,
నల్ల తెర వెనక్కి, దొడ్డిదారిన.
కరెంటు పోయిన వంటింట్లో అగ్గిపెట్టె తడుముకున్నట్టు
ఒక్కో అక్షరం కొట్టుకుంటూ.
అన్నీ ఉన్నాయి.
పోలయ్య ఉన్నాడు,
రెండు వందల నలభై మెగాబైట్లు, చెక్కు చెదరకుండా.

సంగతి ఇదీ:
రాత్రికి రాత్రి కొత్త కెర్నల్ దిగింది,
తెరకి బొమ్మనిచ్చే డ్రైవరు పాతవాడే.
ఈమెకెలా చెప్పను?
“బోటుకి కొత్త సరంగు ఎక్కాడనుకో పిన్నీ.
కింద ఇంజను దగ్గర డ్రైవరు పాతోడే.
గంట రెండుసార్లు మోగితే వెనక్కని వాడికి తెలుసు.
కొత్తాయన గంట కొట్టడు, ఈల వేస్తాడు.
ఇంజను బాగుంది, బోటు బాగుంది,
జట్టీ దగ్గరే ఉండిపోయారు.”

అప్పుడు చూసింది నా మొహంలోకి.
“మరి పాత సరంగుని తగిలేసినారేటి?”

ఈ ప్రశ్న నాకు రావడానికి గంట పట్టేది.
లేదు, తగిలెయ్యలేదు.
ఈ యంత్రానికున్న మర్యాద అదొక్కటే,
కొత్తవాణ్ణి ఎక్కించుకున్నా
పాతవాణ్ణి ఓ మూల పడుకోనిస్తుంది.
ఆపి, మళ్లీ వెలిగించి
ఎస్కేప్ మీట టకటకా కొడితే
నల్లటి నీళ్లలోంచి తెల్లటి పేర్ల వరస తేలింది.
ఒక్క మెట్టు కిందికి. పాత నంబరు. ఎంటర్.

పోర్టు వైపు ఏదో ఓడ కూసింది.
ఆ కూత అయ్యేలోపు
తెర నిండా పోలయ్య.

ఎర్రమ్మ గంప దింపింది.
దగ్గరికొచ్చి, చేప వాసన వేసే వేలు
తెరకి తగిలీ తగలకుండా పెట్టి
“ఇక్కడ గాటుండాల” అంది.
“ఎడం కనుబొమ్మ మీద. చిన్నప్పుడు గేలం గుచ్చుకున్నాది.
తుడిపేసినావు.”

నేను మరకనుకున్నాను.

మొదటి రాత్రి దాచిన ఫైలు తెరిచాను.
మసక, నలత, నీళ్ల తళుకు,
వాటి మధ్య సన్నటి గీత.
“ఆఁ. ఈడే మావోడు” అంది.

ప్రింటరు కదిలింది, అటూ ఇటూ.
ఫ్లెక్సీ చుట్ట చంకన పెట్టుకుని, గంప నెత్తినెత్తుకుని
ఆమె జనంలో కలిసిపోయాక
తెర మూలన చుక్క మళ్లీ వెలిగింది.
కన్నాలున్నాయంటుంది, దొంగలు దూరతారంటుంది,
అబద్ధమేం కాదు.
ఆదివారం చూద్దాంలే అన్నాను.
అప్పటికి మా డ్రైవరుకి
ఈల నేర్పాలి.